బారామహలు చలి

పుష్యమాసంలో పూసలు గుచ్చ పొద్దుండదనీ, మాఘంలో మాకులు సైతం వణుకుతాయనీ మన పెద్దలనే మాటలు కృష్ణా గోదావరీ తీరాలకే గాని ఈ అరవదేశపు ఎండలకు చెల్లవని కొందరి అభిప్రాయం. అట్లా అనేవారు ధనుర్మాసంలో ఒకనాడు రాత్రి సేలం నుండి బస్సెక్కి తెల్లవారుజామున ధర్మపురిలో దిగి చూడవలెను. తొప్పూరు కనుమ ఎక్కుతుండగానే బస్సు కిటికీలు ఒకటొకటిగా మూతపడతాయి. కనుమకు దిగువన చొక్కా గుండీలు విప్పుకొని కూర్చున్న పెద్దమనిషి పైకి వచ్చేసరికి తువ్వాలు చెవులకు చుట్టుకుంటాడు.

ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. మన పట్టణం సముద్రమట్టానికి సుమారు 1500 అడుగుల ఎత్తున ఉన్నది. రాయకోట మీదుగా హోసూరు చేరేసరికి ఎత్తు 3000 అడుగులకు దగ్గరవుతుంది. వెయ్యి అడుగులకు సుమారు రెండు డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది గనుక ధర్మపురివారు దుప్పటి కప్పుకొనే రాత్రి హోసూరు, తళి, దెంకణికోటలవారు కంబళి వెతుక్కొంటారు. మార్గశిరం నాటికి వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడుతుంది. పగలంతా నేల మింగిన వేడి రాత్రివేళ మబ్బుల అడ్డు లేక పైకి పోతుంది. దానికి తోడు ఈశాన్యపు గాలి. తెల్లవారి గడ్డిమీద కాలు పెడితే మడమ దాకా తడిసిపోతుంది.

అయినా పదిహేను, పదహారు డిగ్రీలను పట్టుకొని చలి అంటే నవ్వేవారుంటారు. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహలు కంపెనీవారి చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టినవాడు. ధర్మపురిలో తోట వేసికొని దానిమీద మమకారం పెంచుకొన్న ఆ దొరకు మన మార్గశిరం వసంతకాలంగా తోచి ఉంటుంది. (తరువాత దత్తమండలాలకు కలెక్టరై రాయలసీమలో పేరుపొందిన మన్రో ఈయనే.) ఆయనకు ఉన్ని కోటు ఉన్నది, బూట్లున్నవి, రాజబెట్టే నౌకర్లున్నారు. అదే రాత్రి అదే ఊళ్లో అరటావు చేలో కావలి పడుకొన్నవాడికి ఒంటిమీద ఒక్క పంచె. ఇద్దరికీ డిగ్రీలు ఒకటే, చలి మాత్రం వేరు.

ఆ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. అందుకే చలికాలానికి వారు చేసికొన్న ఏర్పాట్లన్నీ ఒంటికీ, కడుపుకూ సంబంధించినవే. మొదటిది గొంగళి. కురుబలు తమ గొర్రెల ఉన్ని కత్తిరించి, వడికి, గుంటమగ్గం మీద నేసి, చింతగింజల గంజి పట్టించి ఇచ్చే నల్లగొంగళి మొదట్లో ఒంటికి ముళ్లలా గుచ్చుకొంటుంది. ఏడాది వాడితే మెత్తబడుతుంది, పదేళ్లు వాడితే ఇంట్లో మనిషి అవుతుంది. తడిసినా వెచ్చదనం పోదు. వానకు తలమీద ముసుగుగా, రాత్రికి పక్కగా, కళ్లంలో ధాన్యం పోసుకొనడానికి పట్టగా, పెద్దలు పంచాయతీకి కూర్చొంటే ఆసనంగా అన్నిటికీ అదే. ఇప్పటి రంగురంగుల యంత్రపు దుప్పట్లు చూడ ముచ్చటగా ఉంటాయి గాని తెల్లవారుజాము మూడు గంటల తరువాత వాటి సత్తా ఏపాటిదో కప్పుకొన్నవారికే ఎరుక.

రెండవది అనపకాయ. ఈ కాయ సంగతి రాయకపోతే మన ఆడపడుచులు మమ్మల్ని క్షమించరు. మంచు పడితేగాని అనపకాయకు ఆ జిడ్డూ, ఆ వాసనా పట్టవు. మార్గశిరంలో కాయలు వస్తాయి, పుష్యంలో గింజ నిండుతుంది. రాత్రి గింజలు నానవేసి పొద్దున ఎండలో కూర్చొని వేళ్లతో పితికితే తోలు ఒకవైపు, పప్పు ఒకవైపు. నలుగురు ఆడవాళ్లు చేరితే గంపెడు గింజలు కబుర్లలోనే అయిపోతాయి. ఆ పితికిపప్పు పులుసు, వేడి రాగిసంగటి, పైన ఒక చెంచా నెయ్యి పడినవాడు ఇక చలి మాట ఎత్తడు. చిత్తూరు, కుప్పం, హోసూరు, కోలారు ప్రాంతాలవారందరికీ ఈ రుచి ఉమ్మడి ఆస్తి. ఇండ్లలో తెలుగు మాట తగ్గినా పితికిపప్పు తగ్గలేదని మేము గమనించాము. ఇక ఉలవకట్టు చారు, మిరియాలూ వెల్లుల్లీ నూరి కాచిన రసం, నువ్వులు బెల్లం సంగతి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు.

ఇంతకూ మన సీమలో అతి ఘోరమైన చలి ఎప్పుడు వచ్చింది? లెక్కలు అడిగితే జవాబు సుళువే. మనకు సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగుళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైంది. ఆ లెక్క ఇప్పటికీ చెక్కుచెదరలేదు. తెలుగుదేశం వైపు చూస్తే హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీలకు దిగింది. 1884 నాటి ఆ రాత్రి హోసూరు పల్లెల్లో పశువుల కొట్టాలు ఎట్లా ఉండి ఉంటాయో ఊహించుకోవచ్చును. చిత్రమేమంటే, ఆ చలిని గురించి మన ఇండ్లలో ముసలివారెవరూ చెప్పగా మేము వినలేదు. వారు తరతరాలుగా చెప్పుకొన్నది అంతకు ఏడెనిమిదేళ్ల ముందటి చలి. ధాత కరువు నాటిది.

ధాతనామ సంవత్సరం అనగా 1876-77. అరవలు కూడ దానిని తాతు వరుష పంజం అనే అంటారు. అప్పుడు ధర్మపురి సేలం జిల్లాలో ఒక తాలూకా; వేరు జిల్లా అయినది 1965 అక్టోబరు 2న. 1876లో ముంగారు వానలు అరకొరగా పడినవి, చివరి ఆశగా చూచిన ఈశాన్యపు వానలు మొగం చాటేసినవి. సరిగ్గా చలి మొదలయ్యేనాటికి గాదెలు ఖాళీ. మొదట వెండి, తరువాత ఇత్తడి సామాను, తరువాత ఎద్దులు అమ్ముడుపోయినవి. కొనేవాడు దొరికినంతవరకు కంబళ్లు పోయినవి. చివరకు ఇంటి తలుపులు, వాసాలు ఊడదీసి కట్టెల ధరకు అమ్ముకొన్న సంసారాలు ఈ రాజధాని అంతటా ఉన్నవి. తలుపులేని ఇంట్లో, కప్పులేని గోడల నడుమ, కంబళి లేకుండ, రెండు రోజులకొకసారి గుక్కెడు అంబలితో పుష్యమాసపు రాత్రిని గడపడమంటే ఏమిటో పాఠకులు ఒక్క క్షణం తలచుకోవలెనని మనవి. ఆ రాత్రి పన్నెండు డిగ్రీలైతే ఏమి, పద్ధెనిమిదైతే ఏమి?

సరిగ్గా ఆ చలికాలంలోనే, 1877 జనవరి 1న, లార్డు లిట్టన్ ఢిల్లీలో దర్బారు చేసి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించాడు. రాజులు, నవాబులు విందులు చేసికొన్నారు. అదే నెలలో సర్ రిచర్డు టెంపుల్ మద్రాసు రాజధానికి కరువు పర్యవేక్షణకు వచ్చి, మట్టిపని చేసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యమూ ఒక అణా చాలునని నిర్ణయించాడు. పౌను అంటే మన అరకిలో కూడ కాదు. గునపం పట్టి రోజంతా మట్టి తవ్వే శరీరానికి, అందులో చలికాలంలో వెచ్చదనం కోసమే కొంత తిండి ఖర్చయ్యే శరీరానికి, అది ఏ మూలకు? మద్రాసు ఆరోగ్యశాఖ కమిషనరు కార్నిష్ ఈ కూలి మనుషులను చంపుతుందని గట్టిగా వాదించాడు. కొన్ని నెలలకు కూలి పెంచారు. అప్పటికే శిబిరాలలో జరగవలసిన నష్టం చాలావరకు జరిగిపోయింది. దొరలలో ఇద్దరు తిండి లెక్క మీద ఇట్లా వాదించుకొన్న సంగతి మన పిల్లల చరిత్ర పుస్తకాలలో ఒక పేజీకైనా నోచుకొంటే బాగుండును.

1877 సెప్టెంబరు, అక్టోబరులలో వానలు తిరిగి వచ్చినవి. అంతటితో కష్టం గట్టెక్కిందని అనుకొంటాము. కాని రెండేళ్లు అస్థిపంజరాలై ఉన్నవారు తడిసిన నేలమీద, తడి గుడ్డలతో ఈశ్వరనామ సంవత్సరపు చలిలోకి అడుగుపెట్టారు. మలేరియా జ్వరాలు విజృంభించినవి. చేలు పచ్చబడుతుంటే కోయవలసినవారు రాలిపోయారు. 1871 జనాభా లెక్కల్లో సేలం జిల్లాకు 19 లక్షల 67 వేలమంది ఉంటే, 1881 నాటికి మిగిలినది 16 లక్షలు. తగ్గినవారందరూ చనిపోయినవారే అనలేము. సింహళపు తోటలకూ, ఇంకా దూరదేశాలకూ కూలికి వెళ్లినవారున్నారు, పుట్టకుండానే పోయిన బిడ్డలున్నారు. అయినా ప్రతి ఐదుగురిలో ఒకరు లెక్కనుండి తప్పిపోయారన్నమాట. మన కుటుంబాలలో వంశవృక్షం చెప్పేవారు ఆ తరం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు తడబడతారో దీనివల్ల కొంత బోధపడుతుంది.

ఆ కరువులో రైలు దిగిన ధాన్యాన్ని లోపలి ఊళ్లకు తోలడానికి బండెద్దులు లేకపోవడం కూడ ఒక పెద్ద చిక్కు. తరువాతి కాలంలో కరువు నుండి రక్షణకని చిన్న రైలుమార్గాలు వేసినవారు 1906లో మొరప్పూరు నుండి ధర్మపురికి ఒకటి వేశారు. హోసూరు దాకా పొడిగించిన ఆ బొమ్మరైలు పట్టాలను రెండవ ప్రపంచయుద్ధం రోజులలో, 1941లో, పెరికివేశారు. కరువు కోసం వచ్చినది యుద్ధం కోసం పోయింది.

ధాత నాటి సంగతి తలచినప్పుడల్లా మాకు తోచేది, మన సీమలో పొడిచలికంటె తడిచలి ప్రమాదకరమని. దూరపు దాఖలా అక్కరలేదు. 2024 డిసెంబరు మొదటివారంలో ఫెంగల్ తుఫాను తీరం దాటి మనవైపు వచ్చి కదలక నిలిచినప్పుడు ఊత్తంగరైలో ఒక్క రోజులో యాభై సెంటీమీటర్ల వాన పడింది, మన అరూరులో ముప్పై సెంటీమీటర్లు దాటింది. ఊత్తంగరైలో నిలిపి ఉన్న వ్యానులూ కార్లూ ఆటబొమ్మలవలె కొట్టుకుపోయినవి. ఉష్ణమాపకంలో చూస్తే అది పెద్ద చలి కాదు. పరుపులూ బట్టలూ పొయ్యిలో కట్టెలూ అన్నీ తడిసిన ఇంట్లో ముసలివారూ చంటిపిల్లలూ మాత్రం ఆ రాత్రి వణికిన వణుకు ఏ జనవరిలోనూ వణకలేదు. అటువంటివేళ మొదట కావలసినది ఒక పొడిగుడ్డ, రెండవది వేడి గంజి. మందులూ మాత్రలూ ఆ తరువాత.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోనులో తమ చలి గొప్పలు చెబుతుంటారు. 2019 జనవరి 30న చికాగోలో సున్నకు దిగువన ముప్పై డిగ్రీలు. మన అవ్వలు బుగ్గన వేలేసుకొంటారు. నిజానికి అక్కడి ఇల్లు చలికోసం కట్టినది, మన ఇల్లు ఎండకోసం కట్టినది. అక్కడ బయట గడ్డ కట్టినా లోపల చొక్కాతో తిరుగుతారు. మనకు లోపలా బయటా ఒకటే. కాని 2021 ఫిబ్రవరిలో టెక్సాసులో కరెంటు రోజుల తరబడి పోయినప్పుడు ఆ తేడా తుడిచిపెట్టుకు పోయింది. డల్లాసులో మన తెలుగువారు వేలకొద్దీ ఉన్నారు. సున్నకు దిగువన పంతొమ్మిది డిగ్రీలకు వెళ్లిన ఆ వారంలో, సంపన్నదేశంలో, రెండువందల మందికి పైగా చనిపోయారు. వారిలో కొందరిని చంపినది చలి కాదు, వెచ్చదనం కోసం ఇంట్లో నడిపిన జనరేటర్లు, కాల్చిన బొగ్గుల పొగ.

ఈ మాట వచ్చింది గనుక ఇంటి పెద్దలకు ఒక విన్నపం. మన పల్లెల్లో ఇప్పటికీ బాలింతరాలి గదిలోనూ, ముసలివారి మంచం కిందనూ బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించే అలవాటున్నది. పూర్వం పెంకుటింటికి సందులుండేవి, పొగ పోయేది. నేటి సిమెంటు గదికి సందులేవి? బొగ్గునుండి వచ్చే విషవాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, మత్తు, తరువాత మెలకువ ఉండదు. కుంపటి పెడితే కిటికీ తీసి పెట్టండి. నిద్రకు ముందు కుంపటిని బయటకు చేర్చండి. దానికి బదులు వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టవచ్చు. అరవై దాటినవారికి కాళ్లకు మేజోళ్లు, తలకు గుడ్డ తప్పనిసరి. వారికి చలి వేస్తున్నదని వారికే ఆలస్యంగా తెలుస్తుంది.

కుంపటి అనగానే మరొకటి గుర్తుకు వస్తున్నది. ధర్మపురి పట్టుగూళ్ల అంగడి మన రాష్ట్రంలో పేరున్నది. పట్టుపురుగుకు ఇరవైనాలుగు నుండి ఇరవైయెనిమిది డిగ్రీల వేడి కావలె. చలి ఎక్కువైతే ఆకు సరిగా తినదు, గూడు కట్టే రోజు వెనుకబడుతుంది. అందుచేత ఈ రెండు నెలలూ పెంపకందార్లు షెడ్డులో రాత్రంతా వెచ్చదనం నిలబెట్టి, తాము మాత్రం గుమ్మం బయట కంబళి కప్పుకొని కాపలా కూర్చుంటారు.

మామిడితోటవారి కథ దీనికి తిరగవేసినట్లు ఉంటుంది. పాలక్కోడు, కారిమంగలం, కృష్ణగిరి తోటలకు చలి రావలె. రాత్రులు చల్లబడకపోతే కొమ్మ ఆకు వేస్తుందే గాని పూత వేయదు. అయితే పూత వచ్చిన తరువాత మంచు పొద్దెక్కేదాకా విడవకుండ ఉంటే బూడిద తెగులు, తేనెమంచు పురుగు పట్టి పూత మాడి రాలుతుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. అందాక తోటవారు పొద్దున లేస్తూనే మొగం కడుక్కోకముందే చెట్టుకిందికి వెళ్లి, నేలమీద రాలినది ఎంతో చూచుకొని, తరువాతే కాఫీకి ఇంటికి వస్తారు.