అద్దె గదిని మరొకరికి అద్దెకు ఇవ్వవచ్చునా?

సొంత భవనం లేని పాల సంఘం రోడ్డు ప్రక్కన ఒక కొట్టు గదిని అద్దెకు తీసుకుంటుంది. పాలు పోసేది ఉదయం కొంతసేపు, సాయంత్రం కొంతసేపు. మిగిలిన పొద్దంతా గది ఖాళీయే గదా, ముందు భాగం దాణా కొట్టుకు ఇస్తే అద్దె కలిసివస్తుందని పాలకవర్గానికి తోచడం సహజం. తోచడంలో తప్పు లేదు. ఎలా ఇచ్చారన్నదే చిక్కు.

కొత్తపేట ప్రాంతంలో మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో అధ్యక్షులు నోటిమాట మీద ముందు భాగాన్ని దాణా వర్తకునికి ఇచ్చారు. అద్దె నెలనెలా నగదు పుస్తకంలో జమ అవుతూనే ఉన్నది. డబ్బు విషయంలో ఎవరినీ తప్పుపట్టలేము. కాని తన వ్రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి ఇస్తే గదిని తిరిగి స్వాధీనం చేసుకుంటానని యజమాని ఒప్పందంలో వ్రాయించుకున్నారు. ఆ కాగితం సంఘం బీరువాలోనే ఉన్నది. చదివినవారు లేరు. నోటీసు వచ్చాక సభ్యులు క్యాన్లతో మరో చోటు వెతుక్కోవలసి వచ్చింది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షను ప్రకారం, ఒప్పందం గాని స్థానిక ఆచారం గాని అడ్డు లేనప్పుడు అద్దెదారు గదిని పూర్తిగా గాని కొంత గాని సబ్-లీజుకు ఇవ్వవచ్చును. అయితే ఆ అడ్డు లేని ఒప్పందాలు మాకు అరుదుగా కనిపించాయి. పట్టణాల కోసం వచ్చిన, తర్వాత రద్దయిన 1960 నాటి రాష్ట్ర అద్దె నియంత్రణ చట్టం ఇంకా గట్టిగా ఉండేది. ఒప్పందంలో హక్కు లేకుండా, యజమాని వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఇచ్చిన సబ్-లీజును ఖాళీ చేయించడానికి తగిన కారణంగా పెట్టింది.

సబ్-లీజు ఇచ్చినంత మాత్రాన సంఘం బాధ్యత తీరదు. వర్తకుడు అద్దె ఎగవేసినా యజమానికి సంఘమే కట్టవలెను.

“మేము లీజు అని వ్రాయలేదండి, లైసెన్సు అని వ్రాశాము” అనే కార్యదర్శులున్నారు. ఢిల్లీ ఇంపీరియల్ హోటలులో క్షౌరశాలకు ఇచ్చిన గదుల విషయంలో 1959లో సుప్రీంకోర్టు ముందుకు ఇదే తగాదా వచ్చింది. మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు పత్రం పేరు కాదు, సారం చూడాలన్నారు. గదులు ప్రత్యేకంగా ఆ వ్యాపారి స్వాధీనంలో ఉన్నందున అది లీజేనని తేల్చారు. మీ గది తాళం ఎవరి చేతిలో ఉన్నదో చూసుకోండి.

కనుక ముందు అసలు ఒప్పందం చదవండి. పాలకవర్గంలో తీర్మానం చేసి మినిట్సు పుస్తకంలో ఎక్కించండి. ఎవరికి, ఏ భాగం, ఏ వ్యాపారానికి, ఎంతకాలానికి ఇస్తున్నారో యజమానికి ఉత్తరం వ్రాసి సంతకంతో జవాబు తీసుకోండి. గది అన్నదమ్ముల ఉమ్మడిదైతే అందరి సంతకాలూ ఉండవలెను. సంఘానికి మిగిలిన గడువును మించి వర్తకునికి గడువు వ్రాయరాదు. పురుగుమందుల కొట్టుకు మాత్రం అనుమతి దొరికినా ఇవ్వవద్దు; పాలు ఇట్టే వాసన పట్టుకుంటాయి.

పదకొండు నెలలకు వ్రాసుకుంటే రిజిస్ట్రేషను అక్కరలేదన్న మాట మన రాష్ట్రంలో 1999 ఏప్రిల్ 1 నుంచి చెల్లదు. ఎంతకాలపు లీజు పత్రమైనా రిజిస్టరు చేయించవలెను. లేకుంటే లీజుకు సాక్ష్యంగా కోర్టులో పనికిరాదు.

నోటీసు గడువు కూడా వ్రాయించుకోండి. నెలవారీ అద్దెకున్న కొట్టు గదికి వేరే ఒప్పందం లేకుంటే, 106వ సెక్షను ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. ఆ 15 రోజులలో క్యాన్లు కడగడానికి నీరు, పాల బండి ఆగడానికి చోటు ఉన్న మరో గది కొత్తపేటలో చూసుకోవడం ఎంత కష్టమో ఆ సంఘం సభ్యులను అడిగితే చెబుతారు.