గ్రీన్ కార్డు గల తల్లిదండ్రులు ఊరికి వచ్చునప్పుడు

ఇరువది, ముప్పది సంవత్సరముల క్రితము మన గ్రామ సంఘములలో అమెరికా వెళ్లిన బిడ్డ గల ఇల్లు ఏ ఒకటో రెండో ఉండెడివి. నేడు ఆ బిడ్డలు అక్కడి పౌరసత్వము పుచ్చుకొని, ఇక్కడ ఒంటరిగా ఉన్న అమ్మానాన్నలను తమ యొద్దకు పిలిపించుకొనుచున్నారు. ఇరువది యొక్క సంవత్సరములు నిండిన అమెరికా పౌరుడు తన తల్లిదండ్రుల కొరకు దరఖాస్తు పెట్టవచ్చును. ఈ తరగతి వీసాలకు ఏటేటి పరిమితి లేదు గనుక, అన్నదమ్ముల దరఖాస్తులవలె ఏండ్ల తరబడి వరుసలో వేచియుండ నక్కరలేదు. అందుచేత గోదావరి లంకలలోను, పల్నాటి పల్లెలలోను గ్రీన్ కార్డు గల అవ్వలు, తాతలు ఇప్పుడు కనబడుచున్నారు.

వీరు పంట నూర్పిళ్లకో, క్రిస్మస్సుకో, మనుమరాలి పెండ్లికో ఊరికి వత్తురు. మూడు నెలలని వచ్చినవారు కౌలు లెక్క తేలలేదనియు, ఇంటికి సున్నము వేయించవలెననియు, మోకాళ్లకు వైద్యము ఇక్కడనే చవుక యనియు నిలిచిపోవుదురు. "తిరుగు ప్రయాణ మెప్పుడమ్మా?" అని మేము అడిగినప్పుడు తరచుగా వచ్చు జవాబు ఒకటే: "కార్డు పదేండ్లకు ఇచ్చినారు గదా అయ్యగారూ, తొందరేమి?"

తొందర ఉన్నది. పదేండ్లు అనునది ఆ కార్డు మీది గడువు మాత్రమే. ఆ పదేండ్లలో ఎంతకాలమైనను బయట ఉండవచ్చునని దాని అర్థము కాదు. చుట్టపు చూపుగా వెళ్లువారికి ఇచ్చు పది సంవత్సరముల విజిటర్ వీసా వేరు, ఇది వేరు. విజిటర్ వీసా గలవాని ఇల్లు ఇండియాలో ఉన్నదని అమెరికా అధికారి నమ్మవలెను. గ్రీన్ కార్డు గలవాని ఇల్లు అమెరికాలో ఉన్నదని ఆ అధికారియే నమ్మవలెను. అనగా, కార్డు పుచ్చుకొన్న పెద్దలు తమ సొంత ఊరికి వచ్చినను, చట్టము దృష్టిలో వారు ఇక్కడ చుట్టములు, అక్కడ ఇంటివారు. ఈ మాట మన పెద్దలకు మింగుడు పడదు. నలుబది ఏండ్లు కాపురము చేసిన ఇంటిలో తాము చుట్టములమా అని వారు నొచ్చుకొందురు. నొచ్చుకొన్నను, విమానమెక్కక ముందే ఈ సంగతి వారికి తెలిసియుండవలెను.

లెక్క ఇట్లుండును. ఒక్క విడతలో 180 దినములకు మించి అమెరికా బయట ఉన్నవారిని తిరిగి వచ్చినప్పుడు అక్కడి చట్టము కొత్తగా ప్రవేశము కోరువారినిగా ఎంచవచ్చును, ప్రశ్నలు ఎక్కువగును. ఒక సంవత్సరము లేక అంతకు మించి బయట ఉన్నచో, తిరిగి ప్రవేశించుటకు గ్రీన్ కార్డు ఒక్కటే చాలదు. కార్డు మీద ఇంకను ఏడేండ్ల గడువు కనబడుచున్నను విమాన సంస్థవారు టికెట్టు కౌంటరు వద్దనే ఆపుదురు. తగిన పత్రము లేనివారిని ఎక్కించుకొన్న సంస్థకు జరిమానా పడును గనుక, వారి యొద్ద ఎంత బ్రతిమాలినను ప్రయోజనము లేదు.

ఏడాదికి ఒకసారి అక్కడకు వెళ్లి, పదిహేను దినములుండి మరల వచ్చుచు కాలము గడుపువారు కొందరున్నారు. "సంవత్సరము దాటలేదు గదా" అని వారి ధైర్యము. అయితే అధికారులు దినములను మాత్రమే లెక్కపెట్టరు. ఆదాయపు పన్ను రిటర్ను అక్కడి నివాసిగా వేయుచున్నారా, బ్యాంకు ఖాతా, గుర్తింపు కార్డు అక్కడి చిరునామాతో ఉన్నవా, వచ్చునప్పుడే తిరుగు టికెట్టు తీసికొన్నారా అని చూతురు. గ్రీన్ కార్డు ఉంచుకొని, పన్ను కాగితములలో మాత్రము 'నాన్ రెసిడెంటు' అని వ్రాసికొన్నవారు తమకు వ్యతిరేకముగా తామే సాక్ష్యము వ్రాసి యిచ్చినట్లగును.

ఒక తల్లి సంగతి చెప్పెదము. ఆమె అయిదు నెలలలో తిరిగి వెళ్లవలెనని వచ్చినది. టికెట్టు కూడ చేతిలో ఉన్నది. నాలుగవ నెలలో స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగినది. శస్త్రచికిత్స, చక్కెర వ్యాధి, మానని పుండు. నెలలు దొరలి పదునాలుగవ నెల వచ్చినది. కుమారుడు చేసిన మంచిపని యేమనగా, ఆసుపత్రి డిశ్చార్జి కాగితములు, మందుల చీటీలు, రద్దుచేసిన రెండు టికెట్లు తేదీల వరుసన ఒక ఫైలులో పెట్టించినాడు. చివరకు ఆమెను నిలబెట్టినది ఆ ఫైలే.

ఇట్టి వారికి ఉన్న మార్గమును 'రిటర్నింగ్ రెసిడెంట్ వీసా' అందురు; దాని గుర్తు ఎస్.బి.-1. దీనికి అమెరికా కాన్సులేటులో దరఖాస్తు చేయవలెను. రుజువు చేయవలసినవి ముఖ్యముగా మూడు: బయలుదేరునాటికి తాను అక్కడి శాశ్వత నివాసియై యుండెను, తిరిగి పోవు ఉద్దేశముతోనే వచ్చెను, ఆలస్యము తన చేతిలో లేని కారణము వలన కలిగెను. జబ్బు అట్టి కారణము. 2020 మార్చి 23 నుండి మన దేశములో అంతర్జాతీయ విమానములు నిలిచిపోయినప్పుడు ఎందరో పెద్దలు ఇట్లే చిక్కుపడిరి. ఆ యేడు మే నెల నుండి ప్రత్యేక విమానములు నడచినను, మామూలు రాకపోకలు మరల మొదలైనది 2022 మార్చి 27న. అయితే "పొలము తగవు తెగలేదు", "ఇల్లు పూర్తి కాలేదు" అనునవి అధికారి యెదుట నిలుచుట కష్టము. ఎస్.బి.-1 హక్కు కాదు. ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, రుసుము అన్నియు ఉండును, నిరాకరణయు ఉండవచ్చును. ఇది దొరకనిచో కుమారుడు మరల మొదటినుండి దరఖాస్తు పెట్టవలసి వచ్చును.

కనుక ఎక్కువ కాలము ఉండవలసి వచ్చునని ముందే తోచినవారు 'రీఎంట్రీ పర్మిట్' అను పత్రము తీసికొనుట మేలు. పాస్‌పోర్టువలె చిన్న పుస్తకము. సాధారణముగా ఇచ్చిన తేదీ నుండి రెండు సంవత్సరములు చెల్లును, దానిని పొడిగించరు. గడిచిన అయిదేండ్లలో నాలుగేండ్లకు మించి బయట ఉన్నవారికి సాధారణముగా ఒక్క సంవత్సరమునకే ఇత్తురు. ఇందులో మన కుటుంబములు తప్పక గుర్తుంచుకొనవలసినది ఒకటున్నది: దీని దరఖాస్తు, అనగా ఐ-131 ఫారము, అమెరికాలో ఉండగానే వేయవలెను. ఊరికి వచ్చిన తరువాత ఇక్కడనుండి వేయుటకు వీలులేదు. వేలిముద్రలకు కూడ అక్కడనే పిలుతురు. వేలిముద్రలు ఇవ్వకుండ విమానమెక్కినచో దరఖాస్తు కొట్టివేయబడవచ్చును. ప్రయాణమునకు కనీసము 60 దినముల ముందు దరఖాస్తు వేయుడని అక్కడి ఇమ్మిగ్రేషన్ శాఖయే సలహా యిచ్చుచున్నది. వేలిముద్రలైన పిమ్మట బయలుదేరవచ్చును. పుస్తకమును విదేశములోని అమెరికా కాన్సులేటునకు పంపుమని ఫారములోనే కోరుకొనవచ్చును. చాలామంది పిల్లలు విమాన టికెట్లు కొని, సామాను కట్టిన తరువాత ఈ మాట వినుచున్నారు.

ఈ పర్మిటుతో తిరిగి ప్రవేశము తేలికయగును గాని, పౌరసత్వపు లెక్క ఆగదు. పౌరసత్వమునకు సాధారణముగా అయిదేండ్ల నివాసము, అందులో కనీసము ముప్పది నెలలు ఆ దేశములో ఉండుట కావలెను. ఒక సంవత్సరము ఏకధాటిగా బయట ఉన్నచో, పర్మిటు ఉన్నను ఆ నివాసపు వరుస తెగును.

విమానాశ్రయములో అధికారి ఎక్కువ ప్రశ్నలు అడిగినప్పుడు పెద్దలు బెదిరిపోవుదురు. ఒక్కొక్కప్పుడు ఐ-407 అను ఫారము మీద సంతకము పెట్టుమని వారు చెప్పవచ్చును. అది "నా శాశ్వత నివాసమును నేనే వదలుకొనుచున్నాను" అను పత్రము. దాని మీద సంతకము చేయుట ఇష్టపూర్వకముగా ఉండవలెను. చేయక తీరదను నియమము లేదు. నేను వదలుకొనలేదు, ఇమ్మిగ్రేషన్ జడ్జి యెదుట చెప్పుకొందునని కోరు హక్కు వారికి కలదు. ఇంగ్లీషు రాని అవ్వ తెలియని కాగితము మీద వేలిముద్ర వేయనక్కరలేదు. తెలుగు మాటలాడు దుబాసీని అడుగవచ్చును. ఈ ఒక్క సంగతి ఇంటిలో రెండుమూడు సార్లు చెప్పి పంపవలెను.

మరి యొక మాట నిర్మొగమాటముగా చెప్పవలెను. కొందరు పెద్దలకు అక్కడ ఉండుట ఇష్టమే లేదు. పగలంతయు తలుపు వేసిన ఇంటిలో, మాటలాడు తోడు లేక, మంచు చూచుచు కూర్చుండలేరు. అట్టివారు కార్డును కాపాడుకొనుటకై ప్రతి యేడు ఇరువది నాలుగు గంటల ప్రయాణము చేయుట ఎందులకు? అదే ఐ-407 ఫారమును తమ ఇష్టముతో సమర్పించి కార్డు అప్పగించినవారు తరువాత విజిటర్ వీసాకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వీసా తప్పక వచ్చునని ఎవరును మాట ఇయ్యలేరు గాని, ఊరిలోనే ఉండదలచిన వారికి అది ఉన్నదున్నట్టు నడచు దారి. పిల్లలు దరఖాస్తు పెట్టకముందే అమ్మానాన్నలను కూర్చుండబెట్టి అడిగియుండిన ఇంత దూరము రాదు.

ఇక సంచిలో ఉండవలసిన కాగితములు. భారత పౌరులు గ్రీన్ కార్డు తీసికొన్నను భారత పౌరులే గనుక భారత పాస్‌పోర్టు ఉండి తీరవలెను. గడువు దగ్గరపడినచో అక్కడి భారత కాన్సులేటు ద్వారా ముందే కొత్తది తీసికొని రావలెను. ఇక్కడను చేయించుకొనవచ్చును గాని, పోలీసు విచారణ తిరుగుళ్లతో నెలలు కరిగిపోవచ్చును. మొదటిసారి అమెరికాలో దిగి, కార్డు ఇంకను చేతికి రాకముందే ఊరికి రావలసి వచ్చినవారు భయపడనక్కరలేదు. పాస్‌పోర్టులోని ఇమ్మిగ్రెంట్ వీసా, దాని మీద ప్రవేశపు ముద్ర పడిన నాటి నుండి ఒక సంవత్సరము గ్రీన్ కార్డువలె చెల్లును. కార్డు గడువు తీరినవారు ఐ-90 ఫారము వేసినచో, దాని రసీదు 2024 సెప్టెంబరు నుండి పాత కార్డు గడువును 36 నెలలు పొడిగించుచున్నది. పాత కార్డు, రసీదు రెండును కలిపి చూపవలెను. నివాసి హోదా కార్డు గడువుతో పోదు గాని, రసీదు లేకుండ కౌంటరు వద్ద వాదించుట కంటె అది వెంట ఉండుట మంచిది.

పేరుల సంగతి మనవారికి పెద్ద తలనొప్పి. బాప్తిస్మపు పేరు ఒకటి, బడిలో పేరు ఒకటి, ఇంటిపేరు పొడి అక్షరముగా ఒకచోట, పూర్తిగా ఒకచోట. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదలిన కొందరికి అమెరికా కాగితములలో పేరుకు ముందు ఎఫ్.ఎన్.యు. అని పడినది, మొదటి పేరు తెలియదని దాని భావము. అమ్మాయి పేరు ఎఫ్.ఎన్.యు. ఏమిటని అవ్వలు ఆశ్చర్యపడుదురు. నవ్వుకొన్నను నవ్వుకొనకపోయినను, పాస్‌పోర్టు, కార్డు, టికెట్టు మూడింటిలోను పేరు సరిపోవలెను.

ఈ పత్రములను ఆవకాయ జాడీల క్రింద పెద్ద పెట్టెలో పెట్టరాదు. చేతి సంచిలోనే ఉండవలెను. రెండు ప్రక్కల నకళ్లు తీసి ఒకటి ఇక్కడ బంధువుల ఇంట, ఒకటి అక్కడ పిల్లల యొద్ద ఉంచవలెను. బస్సులో సంచి పోయి కార్డు పోయినదనుకొనుడు: పోలీసు స్టేషనులో ఫిర్యాదు వ్రాయించి రసీదు తీసికొని, ఐ-131ఎ అను ఫారము రుసుము చెల్లించి, స్వయముగా అమెరికా కాన్సులేటునకు వెళ్లవలెను. బయట ఉన్న కాలము సంవత్సరము దాటనివారికి విమానమెక్కుటకు అనుమతి చీటీని పాస్‌పోర్టులో అంటింతురు. 2008 వరకు తెలుగువారు ఇట్టి పనులకు చెన్నై పోవలసి వచ్చెడిది; ఆ సంవత్సరమున హైదరాబాదులో అమెరికా కాన్సులేటు తెరచినారు. 2023 నుండి అది నానక్‌రామ్‌గూడలోని కొత్త భవనములో ఉన్నది.

మనుమలను వెంట తెచ్చువారు మరచునది ఇది: అమెరికాలో పుట్టిన బిడ్డ అమెరికా పౌరుడు. తాతకు భారత పాస్‌పోర్టు ఉన్నదని మనుమడు వీసా లేకుండ రాలేడు. వానికి అమెరికా పాస్‌పోర్టుతో పాటు భారత వీసాయో, ఓ.సి.ఐ. కార్డో కావలెను. పదునారేండ్ల లోపు పిల్లల అమెరికా పాస్‌పోర్టు అయిదేండ్లకే ఇత్తురు గనుక గడువు చూచుకొనవలెను. తల్లిదండ్రులు వెంట లేనప్పుడు వారిద్దరు సంతకము చేసి నోటరీ చేయించిన సమ్మతి పత్రము దగ్గర ఉండుట క్షేమము.

తిరుగు ప్రయాణము అబూధాబి మీదుగా ఉన్నచో 2014 నుండి అమెరికా అధికారుల తనిఖీ ఆ విమానాశ్రయములోనే జరుగుచున్నది. కాగితములు అక్కడనే చేత పట్టుకొని సిద్ధముగా ఉండవలెను. లండను, ఫ్రాంక్‌ఫర్టు వంటి ఊళ్ల మీదుగా పోవువారు భారత పాస్‌పోర్టుకు ఆ దేశపు ట్రాన్సిట్ నియమమేమో టికెట్టు కొనకముందే అడిగి తెలిసికొనవలెను. అమెరికా నుండి కెనడాలోని కూతురిని చూడబోవువారికి 2022 ఏప్రిల్ 26 నుండి విమాన ప్రయాణపు ముందస్తు అనుమతి అక్కరలేదు. చెల్లుబాటగు భారత పాస్‌పోర్టు, చెల్లుబాటగు గ్రీన్ కార్డు రెండును చూపిన చాలును.