జంటగా గగనం నుంచి

వరంగల్ శివారులోని మామునూరు విమానాశ్రయం నిజాం కాలం నాటిదే అయినా దశాబ్దాలుగా ప్రయాణికుల విమానాలకు దూరమైంది; ఇక ఓరుగల్లువాసులు స్కైడైవింగ్ కోసం హర్యానాలోని నార్నౌల్, దుబాయ్ వంటి చోట్లకు వెళ్లాలి. శిక్షకుడి ఛాతీకి పట్టీలతో, నాలుగు కొక్కేలతో బిగించుకొని, దాదాపు 10,000 అడుగులకు పైనుంచి అతనితో కలిసి దూకడాన్ని టాండెం అంటారు. ఇద్దరి బరువుతో వేగం మితిమీరకుండా శిక్షకుడు డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ను వదలగా, పతనం గంటకు సుమారు 200 కిలోమీటర్ల దగ్గర నిలకడపడుతుంది. విచిత్రమేమంటే, గాలి నిరోధం బరువుకు సమానమైన ఆ దశలో కడుపులో దేవినట్లు ఉండదు. చెవుల్లో హోరు, చెంపలను అదరగొట్టే గాలి మాత్రమే తెలుస్తాయి. నిమిషంలోపే, సుమారు 5,000 అడుగుల వద్ద ప్రధాన పారాచూట్ విచ్చుకోగానే హోరు తగ్గి, తొడల పట్టీలు బిగుస్తాయి. నేల సమీపించినప్పుడు కాళ్లు ముందుకు చాచి ఎత్తిపట్టడమే కొత్తవారి ముఖ్యమైన పని.