మండువా ఇల్లు ఎండాకాలంలోనూ ఎందుకు చల్లగా ఉంటుంది?

రోహిణీ కార్తెలో విజయవాడ ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. స్లాబు ఇళ్లు రాత్రయినా సెగలు కక్కుతుంటాయి. కృష్ణా డెల్టా పల్లెల్లోని పాతకాలపు మండువా లోగిళ్లు మాత్రం మిట్టమధ్యాహ్నం కూడా వాటికన్నా చల్లగా ఉంటాయి. ఎందుకు?

మండువా అంటే ఇంటి నడుమ ఆకాశం కనిపించేలా వదిలిన చోటు. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది. గదుల్లోని వేడిగాలి మండువాలోంచి బయటపడుతుంటే, దాని స్థానంలోకి తలుపులు, కిటికీల గుండా కొత్త గాలి వస్తుంది. మందపాటి మట్టిగోడలు వేడిని నెమ్మదిగా పీల్చుకుంటాయి. అది లోపలికి చేరేసరికి పొద్దు వాలుతుంది. కప్పు కింది వేడి పెంకుల సందుల్లోంచి జారుకుంటుంది. వసారా వల్ల గోడలకు నీడ పడుతుంది.

మరి నేటి డాబాలను చల్లబరచడం ఎలా? పైన తెల్లని కూల్ రూఫ్ పెయింటు వేస్తే ఎండలో ఎక్కువ భాగం వెనక్కి మళ్లుతుంది, స్లాబు అంతగా కాలదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇందుకోసమే కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎదురెదురు కిటికీలు, పడమటి గోడకు చెట్టునీడ కూడా మేలు చేస్తాయి. ఏసీ వాడకం తగ్గితే కరెంటు ఆదా అవుతుంది. విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నంలో ఉన్నటువంటి థర్మల్ కేంద్రాల్లో మండించాల్సిన బొగ్గూ తగ్గుతుంది. మీ ఇంట్లో ఏ గది ఎక్కువ వేడెక్కుతుందో, ఎండ ఎటు నుంచి పడుతుందో ఈ వేసవిలో గమనించండి. నీడ ఎక్కడ కావాలో మీకే తెలుస్తుంది.