పసిగుడ్డు రొమ్ములో పాలు

‘మగపిల్లాడికి పాలు రావడమేమిటండీ?’ అని ఒక అమ్మమ్మ ఉత్తరం రాశారు. పుట్టి ఎనిమిది రోజులైన మనవడికి లాలపోస్తుంటే రొమ్ములు రేగుపండంత ఉబ్బి, చనుమొనపై తెల్లటి చుక్క కనిపించిందట.

భయం లేదు. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో సగానికి పైగా రొమ్ములు ఉబ్బుతాయి. నూటికి సుమారు ఐదుగురికి పాలూ వస్తాయి, ఆడైనా మగైనా.

దీని వెనకున్న ఏర్పాటు ఎంత చక్కనిదో చూడండి. కడుపులో ఉన్నన్నాళ్లూ మాయ నుంచి ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లు తల్లికీ బిడ్డకీ అందుతాయి. అవి రొమ్మును పెంచుతాయి, పాలను మాత్రం దిగనివ్వవు. పాలు పడేలా చేసే ప్రొలాక్టిన్ అప్పటికే సిద్ధంగా ఉన్నా దాని పని సాగదు. కానుపై మాయ పడిపోయాక ఆ రెండు హార్మోన్లూ కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. అడ్డు తొలగుతుంది. బాలింతకు రెండు మూడు రోజుల్లో పాలు పడేది అందుకే. బిడ్డకూ అడ్డు తొలగింది కదా! అయితే బిడ్డ ఒంట్లో పనిచేసే ప్రొలాక్టిన్ తల్లిది కాదు, బిడ్డ పిట్యూటరీ గ్రంథి తయారుచేసుకున్నదే. నెలలు నిండకుండా పుట్టినవారి రొమ్ము ఇంకా ఎదగలేదు కనుక వారికి పాలు రావడం అరుదు.

ఐరోపాలో ఒకప్పుడు వీటిని ‘మంత్రగత్తె పాలు’ అన్నారు. మంత్రగత్తెలు రాత్రిపూట వచ్చి దొంగిలిస్తారని భయపడ్డారు. ప్రొలాక్టిన్ విషయంలో శాస్త్రవేత్తలూ తడబడ్డారు. పిట్యూటరీ రసంతో కుందేళ్లకు పాలు వస్తాయని 1928లో స్ట్రాస్‌బర్గ్‌లో స్ట్రిక్కర్, గ్రూటర్ చూపారు. అయినా మనిషికి విడిగా ప్రొలాక్టిన్ లేదని, పెరుగుదల హార్మోనే ఆ పనీ చేస్తుందని దశాబ్దాలపాటు చాలామంది అనుకున్నారు. కెనడాలో హెన్రీ ఫ్రీసెన్ 1970ల మొదట్లో మనిషి ప్రొలాక్టిన్‌ను వేరుచేశాక ఆ వాదన ముగిసింది.

నా బాధల్లా ఒక్కటే. ‘చెడ్డపాలు’ తీసెయ్యాలని నూనె రాసి పిండుతారు. పిండితే పాలు ఆగవు, ఇంకా ఊరతాయి. చర్మం చిట్లితే సూక్ష్మజీవులు దూరి చీము పడుతుంది. ఆడపిల్లయితే రొమ్ము మొగ్గే దెబ్బతిని, పెద్దయ్యాక ఎదుగుదల కుంటుపడవచ్చు. ఎర్రబడినా, వేడెక్కినా, జ్వరం వచ్చినా, చీముగానీ నెత్తురుగానీ కనిపించినా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. కొన్ని నెలలు దాటిన పిల్లలకు కొత్తగా పాలు వచ్చినా అంతే; థైరాయిడ్, పిట్యూటరీ, వాడుతున్న మందులు పరీక్షించాలి.

అమ్మమ్మగారూ, బిడ్డ ఒంట్లో ప్రొలాక్టిన్ తగ్గేకొద్దీ ఆ చుక్క కొన్ని వారాల్లో తనంతట తానే ఆగిపోతుంది. లాలపొయ్యండి, మెత్తటి గుడ్డతో తుడవండి. రొమ్ముల జోలికి మాత్రం వెళ్లకండి.