మీకు తెలుసా? సర్వర్ లేకున్నా ఫైలు దొరుకుతుంది!

కేంద్ర సర్వర్ లేని పీర్-టు-పీర్ నెట్‌వర్క్‌లో లక్షల కంప్యూటర్లుంటాయి. కావలసిన ఫైలు వాటిలో ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

• 2000లో వచ్చిన నుటెల్లా అనే నెట్‌వర్క్‌లో ప్రతి కంప్యూటరూ తన పొరుగువాటిని అడిగేది, అవి తమ పొరుగువాటిని అడిగేవి. ప్రశ్నలతోనే నెట్‌వర్క్ కిక్కిరిసిపోయేది. అయినా, ఉన్న ఫైలు దొరుకుతుందన్న హామీ లేదు.

• 2002లో న్యూయార్క్ విశ్వవిద్యాలయానికి చెందిన పెటర్ మేమౌంకోవ్, డేవిడ్ మాజియర్స్ ‘కాడెమ్లియా’ పద్ధతిని ప్రకటించారు. ఇందులో ప్రతి కంప్యూటరుకూ, ప్రతి ఫైలుకూ 160 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫైలు సంఖ్యకు అతి దగ్గరి సంఖ్యలున్న కంప్యూటర్లే దాని ఆచూకీని భద్రపరుస్తాయి.

• ఇక్కడ దూరాన్ని కొలిచేది కిలోమీటర్లలో కాదు, రెండు సంఖ్యల బిట్లను పోల్చే ఎక్స్ఓఆర్ విలువతో. వేర్వేరు ఖండాల్లోని కంప్యూటర్లు కూడా ఇరుగుపొరుగు కావచ్చు!

• ఒక్కో అడుగుకూ వెతకాల్సిన పరిధి దాదాపు సగానికి తగ్గుతుంది. 10 లక్షల కంప్యూటర్లున్నా సుమారు 20 అడుగులు చాలు. 20 లక్షలైతే ఇంకొక్క అడుగే ఎక్కువ.

• సాధారణంగా ఒకేసారి మూడు కంప్యూటర్లను అడుగుతారు. ఒకటి పలకకపోయినా పని ఆగదు. దొరికిన సమాచారం నకలును దారిలోని ఒక కంప్యూటరులో ఉంచుతారు. కాబట్టి ఎక్కువమంది కోరే ఫైళ్లు తర్వాతివారికి ఇంకా త్వరగా అందుతాయి.

• ఫైళ్లు పంచుకునే బిట్‌టొరెంట్ 2005 నుంచి ఈ పద్ధతినే వాడుతోంది. ఐపీఎఫ్‌ఎస్ అనే ఫైలు వ్యవస్థకూ ఇదే ఆధారం.