ఎలోయీజ్ పుస్తకంలో ఎలోయీజ్ ఏది?

మన వారపత్రికల్లో సీరియల్ అంటే ఒకే కథ వారం వారం సాగుతుంది. ఇంగ్లిష్ రొమాన్స్ నవలల సిరీస్ అలా ఉండదు. ఒక కుటుంబాన్ని తీసుకుని, పుస్తకానికొకరి చొప్పున పెళ్లి చేస్తారు. మిగతావాళ్లు ఆ చుట్టుపక్కలే తిరుగుతూ అప్పుడప్పుడూ ఒక మాట విసురుతుంటారు. పాఠకులు వాళ్లలో ఒకరిని ఎంచుకుని, ఆ వంతు కోసం ఏళ్ల తరబడి కాచుకుంటారు. రచయితకు అదే పెట్టుబడి, అదే అప్పు.

జూలియా క్విన్ బ్రిడ్జర్టన్ నవలలు ఎనిమిది. 2000 నుంచి 2006 దాకా వచ్చాయి. 2020 చివర్లో నెట్‌ఫ్లిక్స్ తెరకెక్కించాక ఇక్కడా చాలామందికి ఆ కుటుంబం పరిచయమైంది. ఎనిమిది మంది తోబుట్టువుల్లో ఐదోది ఎలోయీజ్. మొదటి నాలుగు నవలల్లో ఆమెకు ప్రశ్నలే ఊపిరి. ఎవరు ఏం దాస్తున్నా కూపీ లాగందే నిద్రపోదు. 2003లో ఆమె వంతు వచ్చింది: 'టు సర్ ఫిలిప్, విత్ లవ్'.

కథ 1824లో నడుస్తుంది. దూరపు చుట్టం మరీనా చనిపోయిందని ఆమె భర్త ఫిలిప్‌కు ఎలోయీజ్ పరామర్శ ఉత్తరం రాస్తుంది. అతను జవాబిస్తాడు. ఏడాదిపాటు ఉత్తరాలు నడిచాక, ఒకసారి వచ్చి చూడమని, కుదిరితే పెళ్లి మాట అనుకుందామని రాస్తాడు. ప్రాణస్నేహితురాలు పెనెలోపి పెళ్లై వెళ్లిపోవడంతో ఒంటరైన ఎలోయీజ్, ఇంట్లో చెప్పకుండా రాత్రికి రాత్రి గ్లోస్టర్‌షైర్ బయల్దేరుతుంది. పెళ్లికూతురే పెళ్లిచూపులకు వెళ్లడమన్నమాట. మంచి ఎత్తుగడ. తీరా వెళితే, తనకు ఇద్దరు కవల పిల్లలున్నారన్న సంగతే అతను రాయలేదని తెలుస్తుంది.

ఇక్కడి నుంచి నవల తన బలాన్ని తనే వదులుకుంటూ పోతుంది. మొదటి నాలుగు పుస్తకాల్లో అధ్యాయాల ముందు లేడీ విజిల్‌డౌన్ అనే అజ్ఞాత రచయిత్రి గాసిప్ కాలమ్ ముక్క ఒకటి ఉండేది. ఆ వెటకారమే సిరీస్‌కు గొంతు. నాలుగో నవలతో ఆ గుట్టు వీడిపోయింది, కాలమ్ ఆగిపోయింది. దాని చోట క్విన్ ఎలోయీజ్ ఉత్తరాల ముక్కలు పెట్టారు. అవి సరదాగానే ఉంటాయి కానీ, ఎక్కువగా ఇంటివాళ్లకు రాసినవి. ఇద్దరినీ కలిపిన ఏడాది ఉత్తరప్రత్యుత్తరాలను మాత్రం మొదట్లోనే నాలుగు మాటల్లో తేల్చేశారు. మాటలతో మనసు గెలుచుకునే పిల్లకు ఇంతకంటే అన్యాయం ఉంటుందా? లండన్ లేదు, బాల్‌రూమ్ లేదు, పెనెలోపి లేదు. మిగిలింది ఓ పల్లె బంగళా, మొక్కల గాజుగదిలో తలదాచుకునే మితభాషి, అల్లరి పిల్లలు.

ఫిలిప్ చెడ్డవాడు కాదు. తండ్రి చేత దెబ్బలు తిని పెరిగినవాడు. తనూ అలాగే అవుతానేమోనన్న భయంతో పిల్లలకు దూరంగా ఉంటాడు. ఆ భయం నిజమైనది, క్విన్ దాన్ని బాగా పట్టుకున్నారు. చిక్కల్లా అతనికి కావలసింది పిల్లలకు తల్లి, ఇంటికి ఇల్లాలు. అందుకు ఎలోయీజే కానక్కర్లేదు. పెళ్లయ్యాక ఆమె ఏదైనా మనసు విప్పి మాట్లాడబోతే అతను దాటవేస్తాడు. నాలుగు పుస్తకాలు ప్రశ్నలడిగిన మనిషి ఇక్కడ సర్దుకుపోవడం నేర్చుకుంటుంది.

పెళ్లికి తొందర కూడా ప్రేమ వల్ల వచ్చింది కాదు. పెద్దవాళ్ల తోడు లేకుండా మగవాడి ఇంట్లో ఉంటే ఆ రోజుల్లో ఆడపిల్ల పరువు పోయినట్టే. నలుగురు అన్నదమ్ములు ఫిలిప్ భోజనాల గదిలోకి దూసుకొచ్చి అతని గొంతు పట్టుకునే ఘట్టం మాత్రం కడుపుబ్బ నవ్విస్తుంది. కానీ చూడండి, నవలలో బాగా పండిన సన్నివేశం ప్రేమజంటది కాదు, అన్నదమ్ములది.

మరీనా సంగతి మరీ బరువైనది. ఏళ్ల తరబడి దిగులుతో కుంగిపోయి చెరువులోకి నడిచివెళ్లిన మనిషి ఆమె. ఫిలిప్ బయటికి తెచ్చినా జ్వరంతో పోతుంది. నవల ఆమెను ఎలోయీజ్ చలాకీతనం మరింత వెలిగేందుకు చీకటి తెరలా వాడుకుంది. టీవీ సిరీస్ వాళ్లు మొదటి సీజన్‌లోనే మరీనాకు సొంత కథ, సొంత కోపం ఇచ్చారు. అక్కడ ఆమె బ్రిడ్జర్టన్ల చుట్టం కాదు, ఫెదరింగ్టన్ల చుట్టం. ఈ విషయంలో తెరే నయం.

తర్వాతి కాలంలో క్విన్ ఈ నవలలకు రెండో ముగింపులు కూడా రాశారు. ఈ పుస్తకానికి రాసినప్పుడు కథ చెప్పే పనిని కవలల్లో పిల్ల అమాండాకు అప్పగించారు. ఇప్పుడు పెద్దదై, తన ప్రేమకథ తనే చెప్పుకుంటుంది. ఆ కొద్ది పేజీలు, నా లెక్కలో, నవల రెండో సగం కంటే చురుగ్గా నడుస్తాయి.